మేడ మీద ఎముకలు

1892లో కలకత్తాలో ఒక స్టార్టప్ మొదలైంది. ఆఫీసు, ఫ్యాక్టరీ, గోడౌన్ అన్నీ ఒకటే: అప్పర్ సర్క్యులర్ రోడ్డులో 91వ నంబరు అద్దె ఇల్లు. పెట్టుబడి 700 రూపాయలు. ఫౌండర్ ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారు, ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్.

రాయ్ గారు 1861 ఆగస్టు 2న రారులీ గ్రామంలో పుట్టారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. స్కాలర్‌షిప్ మీద ఎడింబరో వెళ్లి, 1887లో డి.ఎస్‌సి. తీసుకుని, 1889లో ప్రెసిడెన్సీలో చేరారు. జీతం నెలకి 250 రూపాయలు. చదువుకున్న కుర్రాళ్లేమో గుమాస్తా ఉద్యోగాల కోసం క్యూ కడుతున్నారు, మందులేమో ఇంగ్లండ్ నుంచి ఓడల్లో దిగుతున్నాయి. ఆ రెండూ ఆయనకి మింగుడు పడలేదు. మన మందులు మనమే తయారు చేస్తే కుర్రాళ్లకి పని కూడా దొరుకుతుంది కదా అనుకున్నారు.

మందుల్లో వాడే సోడియం ఫాస్ఫేట్‌కి పశువుల ఎముకలు కావాలి. కసాయి దుకాణాల నుంచి బస్తాలకొద్దీ తెప్పించి మేడ మీద ఎండబెట్టారు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. ఎముకలకి అంటుకున్న మాంసం కుళ్లి పురుగులు పట్టాయి. కాకులు మూగి ముక్కల్ని పక్కిళ్లలో పడేశాయి. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? గొడవకొచ్చారు. చివరికి ఆ సరుకంతా అక్కణ్ణుంచి మార్చాల్సి వచ్చింది.

పగలు కాలేజీలో పాఠాలు, సాయంత్రం నుంచి రాత్రి దాకా ఇంట్లో మందుల తయారీ. లెక్కలు రాయడం, అమ్మకాలు చూసుకోవడం కూడా ఆయనే. సీసా మీద విదేశీ పేరు లేకపోతే దుకాణాలవాళ్లు తీసుకునేవారు కాదు. అంటే ప్రొడక్ట్ బాగున్నా మార్కెట్ నమ్మలేదన్నమాట.

ఆ నమ్మకం తెచ్చింది స్నేహితుడు డాక్టర్ అమూల్య చరణ్ బోస్. ఆయన పూనుకున్నాక ఆర్.జి. కర్, నీలరతన్ సర్కార్ లాంటి పేరున్న డాక్టర్లు ఈ మందులు రాయడం మొదలుపెట్టారు. అడ్డసరం, వాము, నేలవేము లాంటి మన ఇంటి వైద్యాలు కూడా సిరప్పులై, అర్కాలై సీసాల్లోకి ఎక్కాయి.

పని పెరిగింది, మనుషులు చాల్లేదు. అప్పుడు చేరాడు సతీశ్ చంద్ర సిన్హా, కెమిస్ట్రీలో ఎం.ఏ. చదివిన కుర్రాడు. రాయ్ గారు కాలేజీకి వెళ్లినప్పుడు ల్యాబ్ చూసుకునే మనిషి దొరికాడు. కానీ ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తుండగా హైడ్రోసయానిక్ ఆమ్లం విషమై సతీశ్ ప్రాణం తీసింది. 1898లో ప్లేగు రోగికి వైద్యం చేయబోయి అదే ప్లేగుతో అమూల్య కూడా పోయారు.

రాయ్ గారు మూసేసుకోవచ్చు. ఆయనకి కాలేజీ జీతం ఉంది, రీసెర్చ్‌లో పేరుంది. కానీ ఇద్దరు మనుషులు ప్రాణాలు పెట్టిన పనిని వదిలేయలేకపోయారు. 1901లో అది లిమిటెడ్ కంపెనీ అయింది, బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్. 1903లో రాజశేఖర్ బోస్ అనే యువ కెమిస్ట్ చేరి దాన్ని దశాబ్దాలపాటు నడిపారు. మన క్లబ్ వాళ్లకి నచ్చే సంగతేంటంటే, పరశురామ్ అన్న పేరుతో బెంగాలీలో గొప్ప హాస్య కథలు రాసింది ఆయనే.

రాయ్ గారు పెళ్లి చేసుకోలేదు. 60 ఏళ్లు నిండాక తన జీతం మొత్తం కలకత్తా విశ్వవిద్యాలయానికే వదిలేశారు. 1944 జూన్ 16న కన్నుమూశారు. కంపెనీ ఇప్పటికీ ఉంది, ప్రభుత్వ రంగ సంస్థగా.

ప్లేస్‌మెంట్ సీజన్లో మనలో కొందరికి స్టార్టప్ ఆఫర్లు వస్తాయి. ఫౌండర్ల కథలు మనం ఎలాగూ చదువుతాం. మనం చేరబోయేది మాత్రం సతీశ్ నిలబడ్డ చోట. ప్యాకేజీ ఎంతని అడిగేటప్పుడు, అక్కడ పనిచేసేవాళ్ల భద్రత ఎవరు చూస్తారో కూడా అడగాలి.