పత్తికొండలో ఆగిన ప్రయాణం: సర్ థామస్ మన్రో

ఆదోని కోటకు ప్రభువులెందరో. విజయనగర రాయల ప్రాభవం తరిగిన పిమ్మట అది బిజాపూరు సుల్తానుల వశమైనది. తరువాత మొగలాయీలు, ఆపైన నిజాం వంశీయులు దానిని ఏలారు. 1786లో టిప్పు సుల్తాను పట్టుకొన్నాడు. 1800లో ఆ సీమ అంతా నిజాం చేతినుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించి, దత్తమండలాలలో చేరినది. ఏ సామ్రాజ్యమూ శాశ్వతం కాదనడానికి ఆ కోటగోడలే సాక్ష్యం. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఉచ్చదశలోనున్న రాజ్యం తన బలం తరిగే రోజుకు ఎట్లు సిద్ధపడవలెనన్నది ఆయన వ్రాతలలో మరల మరల కనబడే ప్రశ్న.

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి వర్జీనియాతో వ్యాపారం చేసే వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వ్యాపారాన్ని కూల్చివేసినది. సామ్రాజ్యానికి తగిలిన దెబ్బ ఒక ఇంటిని ఎట్లు తాకుతుందో ఆయన చిన్ననాడే చూశాడు. 1780లో సైనిక శిక్షార్థిగా చెన్నపట్టణంలో దిగాడు. ఆ యేడే పొల్లిలూరు వద్ద హైదరాలీ సైన్యాలు కంపెనీ దండును చిత్తుగా ఓడించాయి. ఆంగ్లేయులు అజేయులన్న భ్రమ ఆయనకు కలుగనేలేదు.

1792 నుండి బారామహలులో శిస్తు నిర్ణయించే పని నేర్చి, 1800లో దత్తమండలాలకు వచ్చాడు. ఏడేండ్లు డేరాలలోనే ఎక్కువ కాలం గడుపుతూ, పాలెగాళ్ళను కఠినంగా అణచి, పొలాలు కొలిపించి, రైతుతో నేరుగా ఒప్పందం చేసుకొనే రైత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. శిస్తు భారం తక్కువది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. 1807లో సెలవుపై వెళ్ళేముందు భూమి శిస్తులో నూటికి 25 వంతులు తగ్గించవలెనని సిఫారసు చేశాడు. పైవారు అంగీకరించలేదు. పదమూడేండ్ల తరువాత తానే గవర్నరై వచ్చి, దానిని అమలుపరిచాడు.

ఆనాడు కంపెనీ ముందు మూడు దారులున్నాయి. రాజ్యాలను ఒకటొకటిగా కలుపుకొని విస్తరించడం మొదటిది. దేశీయులను క్రింది కొలువులకే పరిమితం చేసి, భయంతో ఏలడం రెండవది. అధికారాన్ని వారితో పంచుకొని, వారిని సమర్థులను చేయడం మూడవది. 1817లో గవర్నరు జనరలుకు వ్రాసిన లేఖలో, సంస్థానాలలో కంపెనీ సైన్యాలను నిలిపే విధానం ఆ రాజ్యాలను లోలోపల నీరుగార్చుతుందని మన్రో హెచ్చరించాడు. అయినా మరాఠా యుద్ధంలో తానే కొద్దిపాటి దండుతో ధార్వాడ ప్రాంతాన్ని జయించాడు. విస్తరణను శంకించినవాడే విస్తరణకు సాధనమయ్యాడు.

గవర్నరుగా ఆయన మూడవ దారినే ఎంచుకొన్నాడు. 1822లో చెన్నరాజధానిలోని బడుల లెక్క తీయించాడు. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. 1826లో ప్రతి జిల్లాకు, ప్రతి తాలూకాకు బడులు పెట్టే పథకం వేశాడు. 1824 డిసెంబరు 31న వ్రాసిన నివేదికలో దేశీయులకు ఉన్నతోద్యోగాలు ఇవ్వవలెనన్నాడు. పరిపాలనను స్వయంగా నడుపుకోగల స్థితికి ప్రజలు వచ్చేవరకే ఆంగ్లేయ ప్రభుత్వం ఉండవలెననీ, ఆపైన క్రమంగా తొలగిపోవడమే ఉభయులకూ మేలనీ ఆయన భావం. అయితే 1822లో పత్రికా స్వేచ్ఛను వ్యతిరేకించినవాడూ ఆయనే. స్వేచ్ఛాభావాలు సిపాయిల చెవికి చేరితే పరాయి ప్రభుత్వం నిలువదని ఆయన భయం. ప్రజలు ఎదగవలెననుకొన్నాడు, వారు తొందరగా ప్రశ్నించడం మాత్రం సహించలేకపోయాడు. ఆయన దూరదృష్టికి హద్దు అక్కడే ఉన్నది.

పదవీ విరమణకు అనుమతి కోరినా, 1824లో మొదలైన బర్మా యుద్ధం ఆయనను నిలిపివేసినది. ఆ యుద్ధం కంపెనీ బొక్కసాన్ని పీల్చివేసినది. 1827లో స్వదేశానికి వెళ్ళేముందు, తాను ఒకనాడు కలెక్టరుగా తిరిగిన పల్లెలను కడసారి చూడవలెనని బయలుదేరాడు. దారిలో విడిదికి కలరా సోకినది. జూలై 6న పత్తికొండలో ఉదయం జబ్బుపడి, ఆ రోజే కన్నుమూశాడు. మొదట గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేర తోట వేసి, రాతిమెట్ల బావి కట్టించారు.

పుట్టుక, వర్ణం, మతం కారణంగా ఎవరినీ ఉద్యోగానికి అనర్హులుగా చూడరాదని 1833 చట్టం ప్రకటించినది. ఆచరణ మాత్రం చాలాకాలం కాగితం మీదనే మిగిలినది. 1857లో సిపాయిలే తిరగబడ్డారు. ఆంగ్లేయులు 1947లో వెళ్ళిపోయారు. కాని మన్రో తలచినట్లు క్రమంగా, తమంత తాముగా కాదు, ప్రజలు పోరాడిన మీదట. పెద్ద రాజ్యాలకు క్షీణదశ తప్పదు. అది వచ్చేలోగా అధికారాన్ని పంచుకొన్నదా, బిగపట్టుకొన్నదా అన్నదానినిబట్టే చరిత్ర వాటిని తూచుతుంది. ఈ మాటను సామ్రాజ్యసేవకుడే గ్రహించాడన్నది గమనింపదగినది.