మట్టిలో మందు వెతికిన ఎలిజబెత్ హేజెన్

మన గోడపత్రికలో కవుల జీవితాలు, సంఘసంస్కర్తల జీవితాలు చాలానే వచ్చాయి. ఈసారి నేను ఒక సూక్ష్మజీవ శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆమె పేరు ఎలిజబెత్ లీ హేజెన్. ఆవిడ కనిపెట్టిన మందు ఎందుకు కావాల్సివచ్చిందో చెప్పాలంటే, మనం పైకి అనడానికి సిగ్గుపడే ఒక మాట రాయక తప్పదు. ఆ మాట తెల్లబట్ట. ఇక్కడి తమిళంలో వెళ్ళైపడుదల్ అంటారు. హాస్టల్లో ఒకరికొకరం చెవిలో చెప్పుకుంటాం గానీ, డాక్టరు ముందు నోరువిప్పేవాళ్ళం తక్కువ. అందుకే ఈ జీవితాన్ని ఎంచుకున్నాను.

హేజెన్ 1885 ఆగస్టు 24న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, రిచ్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తల్లిదండ్రులు పత్తి పండించేవాళ్ళు. ఆ పిల్లకి నాలుగేళ్ళు వచ్చేసరికి ఇద్దరూ పోయారు. తర్వాత లూలా అనే ఊళ్ళో బంధువుల ఇంట్లో పెరిగింది. డిగ్రీ చదివింది కొలంబస్ ఊరి మహిళా కళాశాలలో. అమెరికాలో ప్రభుత్వం తన ఖర్చుతో ఆడపిల్లల కోసం పెట్టిన మొదటి కాలేజీ అదే. మనలాగే ఆడపిల్లల కాలేజీలో చదివిన మనిషి అని తెలిశాక నాకు ఆమె మీద ఇంకాస్త ఇష్టం కలిగింది.

1910లో డిగ్రీ పూర్తయ్యాక కొన్నాళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పింది. అంతటితో ఆగలేదు. న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1917లో ఎమ్మెస్సీకి సమానమైన పట్టా, 1927లో డాక్టరేటు తీసుకుంది. అప్పటికి ఆమెకి నలభై దాటాయి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యం లేబరేటరీల్లో పనిచేసింది. 1931లో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలో చేరి, ఏ జబ్బు ఏ క్రిమి వల్ల వచ్చిందో, ఆ క్రిమి ఎక్కణ్ణించి వచ్చిందో ఆరా తీసే పనిలో పేరు తెచ్చుకుంది.

ఇక్కడ మనవాడు ఒకాయన గుర్తొస్తాడు. భీమవరంలో పుట్టి, మన మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలో ఆయన నడిపిన పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. ఆ కాలపు యాంటీబయాటిక్స్ ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. ఐతే వాటితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. మన ఒంట్లో మేలు చేసే బాక్టీరియా కూడా ఉంటాయి. యోనిలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా అక్కడ పులుపుదనాన్ని నిలిపి, చెడ్డ క్రిములు పెరగకుండా కాపలా కాస్తుంది. యాంటీబయాటిక్ చెడ్డవాటితోపాటు వీటినీ చంపేస్తుంది. కాపలా పోయిన చోట కాండిడా అనే ఈస్ట్ విజృంభిస్తుంది. ఈస్ట్ బాక్టీరియా కాదు, బూజు జాతిది. కాబట్టి దానిమీద ఆ మందులు పనిచెయ్యవు. బూజుని చంపి మనిషికి హాని చెయ్యని మందు కావాలి. అలాంటివి అప్పట్లో లేవనే చెప్పాలి.

హేజెన్ ఆ మందు కోసం మట్టిలో వెతికింది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకునే పదార్థాలు తయారుచేస్తాయి కదా. 1948లో ఆమెకి రేచల్ బ్రౌన్ అనే రసాయన శాస్త్రవేత్త తోడైంది. ఒకరు న్యూయార్కు నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో ఉండేవాళ్ళు. హేజెన్ మట్టిలోంచి సూక్ష్మజీవుల్ని పెంచి, కాండిడా మీద పరీక్షించేది. పనికొస్తుందనుకున్నదాన్ని గాజు సీసాలో పెట్టి పోస్టులో పంపేది. బ్రౌన్ అందులోంచి అసలు పదార్థాన్ని విడదీసి, మళ్ళీ పోస్టులోనే తిప్పి పంపేది. బూజుని చంపిన పదార్థాల్లో చాలావరకు ఎలుకల్నీ చంపేశాయి. వాటిని పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.

చివరికి దొరికిన మట్టి వర్జీనియాలో హేజెన్ స్నేహితులైన నర్స్ కుటుంబం పాడిపొలంలోది. ఆ సూక్ష్మజీవికి ఆ ఇంటిపేరు మీదే స్ట్రెప్టోమైసిస్ నర్సియై అని పేరుపెట్టారు. 1950లో తమ ఫలితాన్ని లోకానికి చెప్పారు. మందుకి న్యూయార్క్ స్టేట్ అనే మాటల్లోంచి నిస్టాటిన్ అని పేరొచ్చింది. 1954లో వాడకానికి అనుమతి దొరికింది. మనుషులకి వాడదగ్గ మొదటి ప్రయోజనకరమైన యాంటీఫంగల్ యాంటీబయాటిక్ అదే. యోనిలో వచ్చే ఈస్ట్‌కీ, నోటిపూతకీ, పేగుల్లో పెరిగే కాండిడాకీ పనికొచ్చింది.

అది పనిచేసే తీరు నాకు చాలా నచ్చింది. ఈస్ట్ కణం పైపొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. నిస్టాటిన్ దాన్ని పట్టుకుని పొరకి చిల్లులు పెడుతుంది. మామూలుగా బాక్టీరియాకి ఆ పదార్థం లేదు, కాబట్టి వాటినేమీ చెయ్యలేదు. ఇందులోనే మనకో పాఠం ఉంది. తెల్లబట్ట అంతా ఒకే జబ్బు కాదు. కొద్దిగా కావడం సహజం. పెరుగు విరిగినట్టు చిక్కగా, దురద, మంటతో అయితే అది ఎక్కువగా ఈస్ట్. పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో అయితే బాక్టీరియా వల్ల కావచ్చు. దానికి మెట్రోనిడజోల్ లాంటి వేరే మందు కావాలి. ఇప్పుడు ఈస్ట్‌కి క్లోట్రిమజోల్, ఫ్లుకోనజోల్ ఎక్కువ వాడుతున్నారు. ఏది మనదో పరీక్షచేసి చెప్పాల్సింది డాక్టరే. పక్కగది అమ్మాయికి తగ్గిన మందు మనకి తగ్గాలని లేదు. మందుల షాపులో అడిగి తెచ్చే క్రీముల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే, దురద కాసేపు అణిగి లోపల ఈస్ట్ పెరుగుతుంది.

నిస్టాటిన్ మీద కోటీ ముప్ఫైలక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీ వచ్చింది. ఇద్దరూ ఒక్క డాలరు కూడా సొంతానికి తీసుకోలేదు. అంతా శాస్త్ర పరిశోధనకీ, కొత్తవాళ్ళ చదువులకీ ఇచ్చేశారు. 1966లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వరద వచ్చి బొమ్మలకీ పుస్తకాలకీ బూజు పడితే, అక్కడా ఈ మందే వాడారు. హేజెన్ 1975 జూన్ 24న కన్నుమూసింది. 1994లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల జాబితాలో ఇద్దరి పేర్లూ చేర్చారు.

ఆమె తన పనిచేసి వెళ్ళింది. మన వంతుది చిన్నపనే. లోపల సబ్బుతో గానీ, డెట్టాల్‌తో గానీ కడగకూడదు, కాపలా బాక్టీరియా పోతుంది. బయట మామూలు నీళ్ళు చాలు. ముందునుంచి వెనక్కే తుడుచుకోవాలి. గాలాడే నూలు లోదుస్తులు వేసుకుని, ఉతికినవాటిని చీరకొంగు చాటున కాకుండా ఎండలో ఆరెయ్యాలి. తడిసినవి వెంటనే మార్చుకోవాలి. యాంటీబయాటిక్ సొంతంగా కొని వాడకూడదు. మాటిమాటికీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి. ఇది తప్పు చేసినవాళ్ళకి వచ్చే జబ్బు కాదు. పెళ్ళికానివాళ్ళకీ వస్తుంది, జలుబు వచ్చినట్టే. ఒకావిడ వందల రకాల మట్టి జల్లించి మందు తెచ్చిపెట్టింది. మనం డాక్టరు దగ్గర ఒక్క మాట చెప్పడానికి సిగ్గుపడొద్దు.