సర్ గిల్బర్టు వాకరు : వానల లెక్క

మృగశిరకార్తె ప్రవేశించుటకు పదిదినములు ముందునుండియు తిరువూరు ప్రాంతపు మెట్టరైతు పత్రిక విప్పి మొదట వెదకునది రాజధానివార్త కాదు; ఋతుపవనము కేరళమును తాకినదా లేదా, ఈ యేడు వాన సగటునకు మించునా తగ్గునా అను నాలుగుపంక్తుల ప్రకటన. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసి డెల్టాకు అన్నము పెట్టినమాట నిజమే. కాని ఆ కాలువలు పల్లమునకు పారునవే గాని ఎ.కొండూరు మెట్టలకు ఎక్కివచ్చునవి కావు. తరువాతికాలమున వచ్చిన నాగార్జునసాగరు ఎడమకాలువకు ఈ భాగము చిట్టచివరిది. చివరిపొలమునకు నీరు చివరనే వచ్చునని కాలువగట్టున నివసించువారెల్ల నెఱుగుదురు. కనుక ఇచ్చట చెఱువు నిండుటయు, ప్రత్తి మొలచుటయు, మామిడితోట బ్రదుకుటయు నేటికిని మేఘముమీదనే ఆధారపడియున్నవి. విత్తనము నేలలో పడు దినమునకును, అప్పుపత్రముపై సంతకము చేయు దినమునకును నడుమ ఎడము స్వల్పము. ఆ నాలుగుపంక్తులు ఎట్లు పుట్టినవో, వానిని ఎంతవఱకు నమ్మవచ్చునో తెలియగోరువారు సర్ గిల్బర్టు థామసు వాకరు చరిత్రమును తెలిసికొనవలెను.

వాన రాకడను ముందుగా చెప్పవలెనను తపన మనకు పరదేశీయులు నేర్పినది కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భలక్షణములకు ప్రత్యేకస్థాన మొసగెను. ఉగాదినాటి పంచాంగశ్రవణమున మేఘాధిపతి యెవరు, వర్షము సముద్రమున కెంత, భూమి కెంత అని తెలుగు గ్రామములు తరతరములుగ వినుచునే యున్నవి. యంత్రపరికరములతో ఆకాశమును పరీక్షించుటలోను మనవారు వెనుకబడలేదు. విశాఖపట్టణమున గోడే వేంకట జగ్గారావుగారు సొంతధనము వెచ్చించి 1840లో వేధశాల నెలకొల్పిరి. అప్పటికి దేశమంతటికి వాతావరణశాఖ యనునదే లేదు. 1864 అక్టోబరులో తుపాను కలకత్తాను నాశనము చేసెను. నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన మచిలీపట్టణమును ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. 1866లో ఒరిస్సాకు కరవు వచ్చెను. ఇన్ని శవములు లేచిన పిమ్మట 1875లో గాని ఆ శాఖ ఏర్పడలేదు. దాని మొదటి యధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డు. 1876 మొదలు 1878 వఱకు ధాతకరవు మదరాసు రాజధానిని దహించిన తరువాత, హిమాలయములపై మంచు అధికముగ పడిన యేడు మైదానమున వాన తగ్గుచున్నదని గమనించి, ఆయన 1886 నుండి ఏటేట వానజోస్యమును ప్రకటింపసాగెను.

ఆయన వెనుక వచ్చిన సర్ జాన్ ఎలియటు ఈ జోస్యమును పుటలకొలది పెంచెను. 1899లో వానలు సమృద్ధిగ కురియునని చెప్పెను. కురియలేదు. బొంబాయి రాజధాని, రాజపుటానా, మధ్యపరగణాలు, హైదరాబాదు రాజ్యము క్షామమున మాడిపోయినవి. లక్షలకొలది ప్రజలు, అంతకు మించి పశువులు నశించిరి. పత్రికలు శాఖను దుయ్యబట్టినవి. అందులకు దొరతనమువారు చేసిన ప్రతిక్రియ మిక్కిలి చిత్రమైనది. జోస్యమును బాగుచేయుటకు ముందు దానిని దాచివేసిరి. 1902 మొదలు 1905 వఱకు వానజోస్యము పత్రికలకు లేదు. అధికారులకు మాత్రము రహస్యముగ అందుచుండెను. శిస్తు వసూలు చేయువానికి రాబోవు వాన సంగతి తెలియవచ్చును, శిస్తు కట్టువానికి తెలియరాదు! తప్పుడుజోస్యము రైతునకు చేసిన కీడు గొప్పదే. ఈ మౌనము చేసిన కీడు అంతకు తక్కువది కాదని మా యభిప్రాయము. తప్పు చెప్పినవానిని మరుసటియేడు నిలదీయవచ్చును. చెప్పనివానిని ఏమని యడుగుట?

ఇట్టి సమయమున 1904లో వాకరు ఆ పీఠమెక్కెను. ఆయన 1868 జూన్ 14వ తేదీన ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చదివి 1889లో గణితమున సీనియర్ రాంగ్లరై అగ్రస్థానమును పొందెను. అతిశ్రమచే ఆరోగ్యము చెడగా కొన్ని శీతకాలములు స్విట్జర్లాండున గడపి మంచుపై జారుట యభ్యసించెను. విసరినవాని చేతికే తిరిగివచ్చు బూమెరాంగు ఎట్లు ఎగురునో గణితముచే వివరించి, కళాశాల పచ్చికబయళ్లలో దానిని విసరుచు, స్నేహితులచే బూమెరాంగు వాకరని పిలువబడెను. వాతావరణశాస్త్రము మాత్రము ఆయన చదువలేదు. ఎలియటు కోరినదియు అట్టివానినే. మేఘములు చూచి చెప్పుటతో పని తీరదని, లెక్క తెలిసినవాడు కావలెనని ఆ వృద్ధునకు అనుభవమువలన తోచియుండును.

వాకరునకు ముందు దారి లేదు. గాలి, వేడి, తేమ ఒకదానిపై నొకటి పనిచేయు తీరును సూత్రములతో సాధించి, జూనులోనే సెప్టెంబరు వానను చెప్పుట ఆనాటి శాస్త్రమునకు అసాధ్యము. కావున ఆయన కారణమును ప్రక్కకు పెట్టి పోలికలను వెదకెను. మారిషసుద్వీపమున వాయుభారము పెరిగిన యేండ్లలో మన వాన యేమైనది? చిలీ, అర్జెంటీనాలలో పెరిగిన యేండ్లలో? నైలునది వరద, సూర్యబింబముపై మచ్చలు, జాంజిబారు వాన, హిమాలయపు మంచు, వీనిలో దేనికి మన ఋతుపవనముతో పొత్తు కుదురుచున్నది? ప్రపంచపు నలుమూలల కేంద్రములనుండి వచ్చిన పట్టికలను పరచుకొని, ఒక్కొక్క జతకు ఒక్కొక్క సంబంధాంకమును కట్టించెను. నేటి గణకయంత్రము లేదు. కట్టినవారు సిమ్లా కార్యాలయమున కూర్చున్న భారతీయ గుమాస్తాలు. వారి పేళ్లు చరిత్ర కెక్కలేదు. వాకరు కీర్తి యనబడు సౌధమునకు ఇటుకలు మోసినది వీరే.

ఈ శ్రమనుండి 1909లో నాలుగు సూచనలతో కూడిన సూత్రము వెలువడెను: మే నెలాఖరున హిమాలయపు మంచు, వసంతమున దక్షిణామెరికా వాయుభారము, మే నెలలో మారిషసు వాయుభారము, ఏప్రిలు మే నెలలలో జాంజిబారు వాన. తిరువూరు రైతు ప్రత్తిగింజలకు జాంజిబారు జల్లులతో చుట్టరికమేమని నవ్వువారు నవ్వవచ్చును. గాలికి ఎల్లలు లేవు. ఋతుపవనము దక్షిణార్ధగోళమునుండియే బయలుదేరి వచ్చుచున్నది. అడవులు నరకుటచే దేశపు వాతావరణము మారిపోయెనను వాదమును కూడ ఆయన పరిశీలించి, అంతవఱకు కూడిన వానలెక్కలలో శాశ్వతమైన మార్పునకు సాక్ష్యము కానరాదని 1910లో తేల్చెను.

ఆయన చేసిన పనులన్నిటిలో మాకు గొప్పదిగా తోచునది మాత్రము వేఱొకటి. వంద వస్తువులను వానతో పోల్చిచూచినచో, నిజమైన సంబంధము లేకున్నను వానిలో నాలుగైదు కేవలము యాదృచ్ఛికముగా చక్కగా సరిపోవును. ఆ నాలుగైదింటిని ఏరి చూపువాడు జ్యోతిష్కుడైనను ఆచార్యుడైనను మోసపోవును, మోసము చేయును. ఈ ప్రమాదమును గుర్తించి, వెదకిన జతలసంఖ్య పెరిగినకొలది సంబంధము ఎంత బలముగ నుండిన నమ్మవలెనో 1914లోనే వాకరు గీత గీచెను. తన చేతిలోని సూచనలను తానే శంకించుట శాస్త్రకారులలోను అరుదు, అధికారులలో మఱింత అరుదు. ఆయన జోస్యములు పొట్టివి. అనుమానము గల యేడు అనుమానమే వ్రాసెడివాడు.

ఆ పోలికల రాశిలోనుండియే ఎవరును ఊహింపని రూపమొకటి బయటపడెను. పసిఫిక్ మహాసముద్రముపై వాయుభారము హెచ్చినపుడు ఆఫ్రికానుండి ఆస్ట్రేలియావఱకు హిందూమహాసముద్రముపై తగ్గుచున్నది; అది తగ్గినపుడు ఇది హెచ్చుచున్నది. రెండు సముద్రములు ఒకే త్రాసునకు రెండు సిబ్బెలవలె ఊగుచున్నవి. దీనికి ఆయన దక్షిణాందోళనమని పేరిడెను. ఏల ఊగుచున్నదో చెప్పలేకపోయెను.

గణితమున ఆయనకు గల చూపు మన దేశమునకు వేఱొక విధమున కూడ ఫలించెను. 1913 ఫిబ్రవరిలో మదరాసు వచ్చినపుడు, రేవుకార్యాలయమున చిన్న జీతముపై నున్న ఒక గుమాస్తా లెక్కల పుస్తకములను ఆయనకు చూపిరి. చూచి, ఆ యువకుని విశ్వవిద్యాలయము పోషించుట సమంజసమని జాబు వ్రాసెను. మే నెలనుండి నెలకు డెబ్బదియైదు రూపాయల వేతనము ఏర్పడెను. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. పరపాలన కాలమున ఉన్నతోద్యోగి యొకడు నల్లగుమాస్తాను గణితమున ప్రతిభగలవానినిగ గుర్తించి నోరువిప్పి చెప్పుట సామాన్యము కాదు. అట్లని ఆ పాలనకు మెప్పు నీయనక్కఱలేదు. వాతావరణశాఖకు మొదటి భారతీయాధిపతిగ డాక్టరు సుధాంశుకుమార బెనర్జీ వచ్చునప్పటికి 1944 వచ్చెను.

సిమ్లాలో తీరికవేళల ఆయన దూరదర్శినితో పక్షులను చూచెడివాడు; ఱెక్కయాడింపక అవి యెట్లు పైకి తేలునో వ్రాసెను. వేణువు నిర్మాణమును సంస్కరించుటలోను ఆయనకు ప్రీతి. 1924లో సర్ బిరుదముతో ఉద్యోగము విరమించి లండను ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడై 1934 వఱకు పనిచేసెను. సమకాలికులు అనేకులు ఆయన లెక్కలను కారణములేని కాకతాళీయములని త్రోసివేసిరి. అందు కొంత నిజము కలదు: ఆయన ఏరిన సూచనలు కొన్ని తరువాతి దశకములలో బలహీనపడినవి. ఏ పనికై ఇండియాకు రప్పింపబడెనో ఆ పని, అనగా కరవును ముందుగ నిశ్చయముగ చెప్పుట, ఆయన చేతిలో నెరవేఱలేదు. 1958 నవంబరు 4వ తేదీన, తొంబదవయేట, ఆయన మరణించెను.

పదునొకండేండ్లకు, 1969లో, యాకబ్ బ్యర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు దక్షిణాందోళనమును పసిఫిక్ జలముల వేడిమితో ముడిపెట్టెను. పెరూతీరపు జాలరులు ఎల్ నినో యని పిలుచుకొను వేడినీరును, వాకరు పట్టికలలోని ఊగులాటయు ఒకే కార్యమునకు రెండు ముఖములని తేలెను. భూమధ్యరేఖ పొడవున తూర్పుపడమరలుగ సాగు ఆ గాలిచక్రమునకు బ్యర్క్‌నెస్ వాకరు పేరే పెట్టెను. నేడు ఎల్ నినో మాట లేని వానవార్త పత్రికలో కానరాదు. దానిని కూడ గ్రుడ్డిగ నమ్మరాదు. 1997లో ప్రచండమైన ఎల్ నినో యుండియు మన దేశపు వాన సగటునకు తగ్గలేదు. 2002లో శాఖవారు సాధారణవర్షమని ప్రకటింపగా జూలైలో సగమే కురిసి, ఋతువు ముగియునప్పటికి నూటికి పందొమ్మిది వంతులు లోటు పడెను.

ఇప్పుడు వేసవిలో వెలువడు ప్రకటన నూటికి ఇన్ని వంతులని పలుకుచున్నది. ఆ నూరు దేశమంతటి నాలుగునెలల సగటు, సుమారు 87 సెంటీమీటర్లు. చిరపుంజియు జైసల్మేరును కలిసిన సగటది, ఎ.కొండూరు చెఱువు అందులో ఎచ్చటను కానరాదు. నూటికి నూరని చెప్పిన యేడును మృగశిరలో తడిసి ఆరుద్రలో ఎండిన మెట్ట మెట్టయే. పెట్టుబడి యెంత, అప్పెంత అని తలపోయుటకు ఆ యంకె కొంత పనికివచ్చును. గింజ వేయుటకు చూడవలసినది శాఖవారు జిల్లాలవారీగ వెలువరించు ఐదుదినముల సూచన. దానికి మన పత్రికలలో ఇప్పటికిని ఏ మూలనో చోటు దొరకుచున్నది.