శిస్తు తగ్గించమన్న కలెక్టరు

1800లో నిజాం మన దువ్వూరుతో సహా సీమ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. వసూళ్ళకు వచ్చిన ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టారు. పొలాలు కొలిపించి ఒక్కో రైతుకూ విడిగా శిస్తు కట్టారు. మన పిల్లల సోషల్ పుస్తకంలోని రైత్వారీ ఇదే. పాలెగాళ్ళను అణిచిందీ ఆయనే, శిస్తూ బరువే. దేవుణ్ణి చేయనక్కర్లేదు.

కానీ 1807లో వెళ్తూ శిస్తు 25 శాతం తగ్గించాలని, రైతులే బాగుచేసుకునే బావుల కింద మరో 8 శాతం తగ్గించాలని పైకి రాశారు. కంపెనీ వినలేదు, ఊళ్ళను గుత్తకిచ్చింది. రైతులతో పాటు గుత్తదారులూ చితికిపోయారు. 1820లో ఆయన మద్రాసు గవర్నరుగా వచ్చాకే తగ్గింపు అమలైంది.

1827లో సీమకు మళ్ళీ వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయారు. ఇక్కడివాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు.