ఏటి జమాఖర్చు, జీవితవ్రతము

సంక్రాంతి నాటికి కృష్ణా డెల్టా రైతు ధాన్యము కొలుచుకొని, అప్పులు తీర్చి, మిగిలినదానిని గాదెలో పోసికొనును. ఉద్యోగికి నెలనెలా జీతము వచ్చును. కలమునే నమ్ముకొన్నవానికి సంవత్సరాంతమున కొలుచుకొనుటకు ఏమి యుండును? వచ్చు సంవత్సరమునకై అతడు దేనిని సంకల్పించుకొనవలెను? ఈ ప్రశ్నకు విశ్వనాథ సత్యనారాయణగారి జీవితము ఒక సమాధానము.

పూర్వకాలమున ఈ భారమును సంస్థానములు మోసినవి. పండితునకు ఏటేట వర్షాశనము ముట్టుచుండెడిది. దివిసీమకు చెందిన కాసుల పురుషోత్తమకవి చల్లపల్లి ప్రభువుల యాదరణ మెరిగినవాడు. శ్రీకాకుళమున వెలసిన ఆంధ్రమహావిష్ణువుపై ఆంధ్రనాయక శతకము చెప్పి చిరకీర్తి గడించెను. తరువాతి కాలమున తిరుపతి వేంకటకవులు శతావధానములతో సంస్థానములన్నియు తిరిగిరి. అయినను వారిలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు బందరు హైస్కూలులో తెలుగు పండితులుగా కుదురుకొనవలసి వచ్చెను. రాజాదరణ సన్నగిల్లి, పత్రికలు, సభలు, పుస్తక విక్రయములు కవికి ఆధారమగు కాలము సమీపించుచుండెను. ఆ సంధికాలమున ఆ గురువునకు లభించిన శిష్యుడే సత్యనారాయణగారు.

వారు 1895 సెప్టెంబరు 10వ తేదీన గుడివాడ ప్రాంతమునందలి నందమూరు గ్రామమున జన్మించిరి. తల్లి పార్వతమ్మ, తండ్రి శోభనాద్రి. తండ్రి దానశీలుడు, శివభక్తుడు. కాశినుండి శివలింగమును తెచ్చి ఊరిలో ప్రతిష్ఠించిన వారు. కలిమి చేతికి ఎముక లేని దాతృత్వమున కరగిపోగా, కుమారునకు మిగిలినది విద్యయు, తండ్రి మాటయు మాత్రమే.

బందరులో చదువు సాగినది. 1910లో అచ్చట వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల, ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున నడచిన కృష్ణాపత్రిక, ఆ పట్టణమును దేశాభిమానమునకు పుట్టినిల్లుగా చేసినవి. గాంధీమహాత్ముని పిలుపు విని సత్యనారాయణగారు స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిరి. జాతీయ కళాశాలలో అధ్యాపకులైరి. కాని ఆ కొలువు స్థిరముగా నిలువలేదు. పిమ్మట గుంటూరు క్రైస్తవ కళాశాలలో పనిచేసిరి. 1938లో విజయవాడ కళాశాలలో కుదురుకొనువరకు జీతము లేని దినములు మధ్యమధ్య వచ్చుచునే యుండెను. అట్టి దినములలో కవికి కంఠమే ఆస్తి. సభలలో పద్యములు చదివి, కిన్నెరసాని పాటలు పాడి వినిపించి, సహృదయు లిచ్చినదానితో ఇల్లు గడుపుకొనవలసి వచ్చెను.

ఆకలి తొందరించునప్పుడు ఏ రచయితయైనను చిన్నచిన్న రచనలతోనే కాలము వెళ్లబుచ్చును. అది తప్పు గాదు. అయితే శోభనాద్రిగారు కుమారునకు అంతకు మించిన పనిని అప్పగించిరి. లోకమున ఎందరి కథలనో వ్రాయుటకంటె రామకథను వ్రాసి తరింపుమని వారి యాదేశము. అదియే శ్రీమద్రామాయణ కల్పవృక్షమునకు బీజమైనది. 1930 దశాబ్దములో ఆరంభమైన ఆ కావ్యము 1960 దశాబ్ది తొలి సంవత్సరములలో గాని పూర్తి కాలేదు. ఆరు కాండములు, ఒక్కొక్క కాండమునకు ఐదేసి ఖండములు, వెరసి ముప్పది. మహావ్రతము ఇట్లు చేతికందు భాగములుగా విభజింపబడుటచే, పద్యమువెంట పద్యముగా, ఖండమువెంట ఖండముగా నడచినది.

ఆ వ్రతమునకు పక్కనే బ్రతుకుతెరువు రచనయు సాగుచుండెను. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ ప్రకటించినది. గడువు సమీపించినది. 29 దినములలో వేయిపడగలు అను మహానవలను పూర్తిచేసిరని ప్రసిద్ధి. బహుమానమును అడివి బాపిరాజుగారి నారాయణరావుతో పంచుకొనవలసి వచ్చినను, ఆ గ్రంథము తెలుగువారి యిండ్లలో శాశ్వతముగా నిలిచినది. ఒకే రచయిత ఒక గ్రంథమునకు నెలదినములును, మరియొకదానికి సుమారు ముప్పదియేండ్లును వెచ్చించెను. ఏ పనికి ఎంత గడువు తగునో ఎరుగుటయే ఇందలి రహస్యము.

నడుమ కష్టములు రాకపోలేదు. సహధర్మచారిణి వరలక్ష్మమ్మగారు అకాలమున గతించిరి. ఆ శోకము వరలక్ష్మీ త్రిశతిగా రూపొందినది. దుఃఖము కలమును ఆపలేదు. కలమే దుఃఖమునకు దారి చూపినది. 1959వరకు విజయవాడలో పాఠములు చెప్పుచు, పిమ్మట కరీంనగరు కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్లిరి. నవలలను పెక్కింటిని ఆశువుగా చెప్పి లేఖకులచే వ్రాయించిరి. వానిలోను ప్రణాళిక కలదు: పురాణవైర గ్రంథమాల 12 నవలలు, కాశ్మీర రాజవంశములపై 6, నేపాళ రాజవంశములపై 6. వేగముగా చెప్పిన రచనలలో పునరుక్తులును, కథను విడిచి సాగు చర్చలును గలవని విమర్శకులు అనకపోలేదు. వారి సంప్రదాయ పక్షపాతమును ఒప్పని వారును పెక్కుమంది. ఆ విమర్శలలో నిజమున్నను, చెప్పిన పనిని చెప్పినంతగా ముగించిన నిష్ఠను కాదనువారు లేరు.

1970వ సంవత్సరపు జ్ఞానపీఠ బహుమతి కల్పవృక్షమునకు లభించినది. తెలుగునకు ఆ గౌరవము అదియే మొదటిది. చిరకాలము లెక్కకు రాని శ్రమ అట్లు జమ కట్టబడెను. అయితే తండ్రి యాదేశించిననాడు ఆ బహుమతి దేశమున లేనేలేదు. దానికై వ్రాసియున్నచో కావ్యము మొదటి కాండముతోనే ఆగిపోయెడిది. 1976 అక్టోబరు 18వ తేదీన వారు పరమపదించునాటికి తండ్రి ఋణము తీరిపోయి పెక్కేండ్లు గడచినవి.

కలము పట్టదలచిన విద్యార్థి ఏటి చివర రెండు లెక్కలు వ్రాసికొనవలెను. ఈ యేడు ఏమి వ్రాసితిని, ఏమి వచ్చినది అనునది మొదటిది. దానిని చిన్నచూపు చూడరాదు. అన్నము పెట్టునది అదియే. జన్మమునకొక పనిగా ఎంచుకొన్నదానిలో ఈ యేడు ఎన్ని పుటలు సాగినవి అనునది రెండవది. మొదటి లెక్క రెండవదానిని మ్రింగివేయకుండ కాచుకొనుటయే రచయితకు ఉగాది సంకల్పము. నందమూరు బాలుడు ఆ రెండు లెక్కలను తుదివరకు సరిచూచుకొని వెళ్లెను.