అమృతాంజనం నేర్పే పాఠం

వ్యాపారానికి మూలధనమే మొదటి మెట్టని మన విద్యార్థులలో పలువురి అభిప్రాయం. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి జీవితం అంతకు ముందరి మెట్టు ఒకటున్నదని తెలుపుతున్నది.

1867లో కృష్ణా జిల్లాలో జన్మించిన పంతులు గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు.  కలకత్తాలో మందుల వ్యాపారంలో పనిచేసి ఆ విద్య నేర్చారు. పిదప బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. 1893లో ఆ నగరంలోనే అమృతాంజనం తయారీకి పూనుకొన్నారు.

పేరు తెలియని మందును కొనేదెవరు? అందుకే సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టారు. వాడి చూచినవారి నోటిమాటను మించిన ప్రకటన లేదు గదా!

ఆర్జించినది ఆయన తనకే దాచుకోలేదు. 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలసిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో భారతి వెలువడింది. 1936లో అమృతాంజనం లిమిటెడ్ కంపెనీగా రూపొందింది. 1938లో పంతులు గారు కీర్తిశేషులైనా సంస్థ నిలిచింది.

మన మార్టూరు ప్రాంతపు మిరప కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి యార్డుకు తరలిపోతుంది. కారంగా మారినప్పుడు పెరిగే విలువ పరులపాలవుతుంది. ఆ విలువను ఇక్కడే నిలుపదలచిన విద్యార్థి ముందు ఏడాదిపాటు కారం మిల్లులో పని నేర్వాలి. పిమ్మట కొద్ది సరుకుతో పదిళ్ళకు రుచి చూపాలి. ప్రతి పైసకూ లెక్క వ్రాయాలి. అప్పు కోసం బ్యాంకు గడప తొక్కవలసినది ఆ తరువాతనే.