బురదలో టాంకులు, మన హైదరాబాదు తారాపూర్

పోయిన వేసవిలో మా పిస్కాటవేలోని జాన్సన్ పార్కుకి పిక్నిక్ వెళ్ళాం. ముందురోజు రాత్రి కురిసిన వానకి నేలంతా నాని ఉంది. గడ్డి మీద ఆపిన నా మినీవ్యాన్ చక్రం కాస్తా బురదలో దిగబడింది. నలుగురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లం కలిసి గంటసేపు తోసినా కదల్లేదు. కర్ణుణ్ణి తలుచుకుని నవ్వుకున్నాం. మా అబ్బాయి మాత్రం, మిలటరీ టాంకయితే ఇలా దిగబడదు కదా అన్నాడు.

ఎందుకు దిగబడదు? టాంకు బరువు యాభై టన్నుల దాకా ఉంటుంది. ఆ బరువంతా పొడుగాటి పట్టాల మీద పరుచుకుంటుంది కాబట్టి మామూలు నేల మీద సాఫీగా పోతుంది. నీళ్ళు నిలిచిన పొలంలో పొట్ట నేలకి ఆనిందంటే మాత్రం పట్టాలు ఊరికే తిరుగుతాయి. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 దాకా పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర జరిగింది ఇదే. మనవాళ్ళు కాలవ గట్టు తెంచి చెరుకు తోటల్లోకి నీళ్ళు వదిలారు. పాకిస్తాన్ నడిపిన అమెరికా పాటన్ టాంకులు ఆ బురదలో ఇరుక్కున్నాయి. కొన్నింటిని సిబ్బంది వదిలేసి పోతే చెక్కుచెదరకుండా మనకి చిక్కాయి. అక్కడ పోరాడిన దక్కన్ హార్స్ దళం ఒకప్పటి నిజాం అశ్వికదళమే.

పాటన్ జనరల్ ఎవరో మా వాడికి తెలుసు. అదే వారం సియాల్‌కోట్ వైపు టాంకులు నడిపిన మన హైదరాబాదీ పేరు మాత్రం తెలియదు. వాణ్ణి అని ఏం లాభం, హైదరాబాదులో చదువుకున్న నాకూ ఏ మాస్టారూ చెప్పలేదు.

ఆయన లెఫ్టినెంట్ కల్నల్ అర్దెషిర్ బుర్జోర్జీ తారాపూర్. 1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టారు. పార్సీలు. వాళ్ళ కుటుంబం హైదరాబాదులో నిజాం కొలువులో స్థిరపడింది. పూనాలో చదువుకుని, గోల్కొండలో శిక్షణ పొంది, 1942లో హైదరాబాదు సంస్థాన సైన్యంలో కాలాళ్ళ దళంలో చేరారు. ఆయన మనసు మాత్రం టాంకుల మీదే. ఒకసారి శిక్షణలో ఓ కుర్రాడు గ్రెనేడు సరిగా విసరలేకపోయాడు. తారాపూర్ దూకి దాన్ని తీసి విసిరేశారు. ముక్కలు ఆయన ఛాతీలో దిగాయి. సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మెచ్చుకుంటే, తనని టాంకుల దళానికి మార్చమని అడిగారట. అలా లాన్సర్స్‌లో చేరి రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియా వెళ్ళారు. హైదరాబాదు విలీనం తర్వాత, 1951లో పూనా హార్స్‌లోకి మారారు.

1965లో ఆ దళానికి ఆయనే అధిపతి. సెప్టెంబరు 11న ఫిల్లోరా పోరులో గాయపడ్డారు. వెనక్కి వెళ్ళి వైద్యం చేయించుకోమంటే ఒప్పుకోలేదు. ఆ గాయంతోనే ఇంకో ఐదు రోజులు దళాన్ని నడిపించి, 16న బుతూర్ డోగ్రాండి దగ్గర అసువులు బాశారు. పరమవీర చక్ర ప్రశంసాపత్రం ప్రకారం, ఆయన దళం తొమ్మిది టాంకులు పోగొట్టుకుని అరవై దాకా శత్రు టాంకుల్ని ధ్వంసం చేసింది. ఆయన కోరిక ప్రకారం యుద్ధభూమిలోనే దహనం చేశారు. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు.

మావాడు అంతా విని, అంత దెబ్బ తగిలినా ఎందుకు వెళ్ళలేదని అడిగాడు. ఆయన వెళ్ళిపోతే మిగతా టాంకులు ముందుకి కదలవని తెలుసు కాబట్టి అన్నాను. టాంకుని బురద ఆపగలదు గానీ, లోపలున్న మనిషి ఆగాలో వద్దో తేల్చుకోవాల్సింది అతనే.

చివరికి మా వ్యాన్‌ని ఎవరో పుణ్యాత్ముడు పికప్ ట్రక్కుతో లాగి పెట్టాడు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు వాణ్ణి గోల్కొండ తీసుకెళ్తాను. చార్మినార్, బిర్యానీ ఎలాగూ ఉంటాయి. మీరూ వెళితే, అక్కడ శిక్షణ పొందిన ఈ మనిషి గురించి మీ పిల్లలకి ఒక్క మాట చెప్పండి.